నా పొట్టలో ఉన్నది మీ మురికే

నేను ఒక మురికినీళ్ళు పీల్చే మిషన్ని. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ అని పిలిస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. అది పొడిదుమ్ము తిని బతికేది. నేను నీళ్ళు తాగుతాను. ఎలాంటి నీళ్ళంటే, మీ కారు కార్పెట్టు మీద షాంపూ కొట్టి బ్రష్షుతో తోమాక ఆ పోగుల అడుగు నుంచి పైకి తేలే నల్లటి నీళ్ళు. పని అయ్యాక నా మూత తీసి చూపిస్తే కారు యజమాని ముక్కు మూసుకుని, "ఛీ, ఇదంతా ఎక్కడిది?" అంటాడు. ఎక్కడిదేమిటి? నీదే. నేనేమైనా వండి వార్చానా?

కోయంబత్తూరులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. స్టీలు పొట్ట, నల్ల ప్లాస్టిక్ మూత, మూత కింద మోటారు, పక్కన ఏనుగు తొండమంత గొట్టం. మొదటిసారి స్విచ్చి వేసినప్పుడు నేను అరిచిన అరుపుకి పక్క బల్ల మీది టీ గ్లాసు కదిలింది. బిగించినవాడు సంతోషించాడు. ఆ ఒక్కడే నా గొంతు విని సంతోషించిన మనిషి.

అక్కణ్ణించి విశాఖపట్నంలో ఒక పెద్ద హోటలుకి పంపారు. ఏడేళ్ళు అక్కడి కార్పెట్లు పీల్చాను. అతిథులకి నా గొంతు పడదని నన్ను మెట్ల వెనక దాచేవారు. కార్పెట్ల మీద కూర ఒలకబోసేది వాళ్ళు, గొంతు తగ్గించుకోవలసింది నేను! తర్వాత మెత్తగా గొణిగే కొత్త మిషను ఒకటి వచ్చింది. నన్ను పాత మంచాలతో, విరిగిన కుర్చీలతో కలిపి వేలంలో పెట్టారు. అప్పుడు నన్ను కొన్నది దాలమ్మ.

దాలమ్మకి యాభై ఆరేళ్ళు. విజయనగరం నుంచి సాలూరు వెళ్ళే రోడ్డు పక్కన ఆమెకో షెడ్డు ఉంది. పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ చాకలి పని చేసినవాళ్ళే. ఊళ్ళో ఇంటింటికీ బట్టల మిషన్లు వచ్చాక, ఉతకడానికి బట్టలు లేకపోతే కార్లున్నాయి కదా అని ఈ షెడ్డు వేసింది. పైపైన కడిగి అత్తరు కొట్టి పంపే రకం కాదు. సీట్లు బోల్టులు విప్పి బయట పెడుతుంది, కార్పెట్టు ఎత్తుతుంది, దాని కింద ఉండే మెత్త దాకా చెయ్యి పెట్టి చూస్తుంది. తడి అంతా అక్కడే దాక్కుంటుంది. పైన ఎంత తోమినా ఆ మెత్త ఆరకపోతే వారం తిరిగేసరికి కారు కుళ్ళు కంపు కొడుతుంది. ఈ సంగతి తెలియక జనం అద్దానికి గంధపు వాసన డబ్బాలు వేలాడదీస్తారు.

మనుషుల తెలివి నాకు ఆమె షెడ్డులోనే బాగా బోధపడింది. కొత్త కారు కొని, కంపెనీ తొడిగిన పాలిథిన్ కవర్లు మూడేళ్ళయినా తియ్యరు. సీటు కొత్తగా ఉండాలట. ఆ కవరు కింద చెమట మగ్గి, బూజు పట్టి, తీసేసరికి సీటంతా నల్లమచ్చలు. ఇంకొకాయన ఆవకాయ జాడీని వెనక సీటు మీద నిలబెట్టి, పడిపోకుండా సీటు బెల్టు పెట్టాడు. పెళ్ళాంబిడ్డలకి ఎప్పుడైనా పెట్టాడో లేదో. జాడీ పడలేదు గాని మూత ఊడింది. ఆ నూనె తాగి నేను రెండు రోజులు దగ్గాను.

ఇవన్నీ సరదా మురికి. నేను చెప్పదలచుకున్నది వేరే.

తవిటినాయుడని ఒకాయన. పెళ్ళిళ్ళకి కార్లు తిప్పుతాడు. ఆయనకున్న పెద్ద తెల్లకారు పెళ్ళికూతుళ్ళని తీసుకురావడానికే. దాన్ని పదకొండేళ్ళుగా నడుపుతున్నవాడు గౌరీసు. ఒకరోజు ఉదయం పదకొండు గంటలకి ఆ కారు మా షెడ్డు ముందు ఆగింది. వెనకే నాయుడు స్కూటరు మీద దిగాడు. మొహం కందగడ్డలా ఉంది.

గౌరీసు వెనక తలుపు తీశాడు. గోధుమరంగు గుడ్డ సీటు మీద సగం దాకా నెత్తురు. దాని మీద పచ్చగా, తడిగా, పసుపు.

"ఏటయ్యింది గౌరీసూ?" అంది దాలమ్మ.

"పొద్దున్న కాళీ బండితో వత్తన్నాను పిన్నీ. రామభద్రపురం దాటాక ఒక ఆటో ఆగిపోయుంది. అందులో నిండు సూలాలు, తోడుగా వాళ్ళమ్మ. సెయ్యెత్తినారు. ఆసుపత్రి రెండు మైళ్ళుంది. ఎక్కించీసినాను. గేటు కాడికి ఎల్లేతలికే పిల్ల పుట్టీసింది. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు." చెప్తూంటే వాడి మొహంలో భయమూ ఉంది, దాచుకోలేని సంతోషమూ ఉంది.

"బాగున్నారు! నా కారే బాగోలేదు," అన్నాడు నాయుడు. "పెళ్ళికూతురు కూకునే సీటు మీద పురుడయ్యిందని తెలిస్తే ఎవులైనా నా బండి పిలుత్తారా? రేపు నాలుగ్గంటలకి గంట్యాడ పెళ్ళికి బండి పెట్టాలి. ఎంతమందికి తెలిసిపోయిందో ఏటో! మైల పోవాలని మరిగే నీళ్ళల్లో పసుపు కలిపి నా సేత్తో నానే పోసినాను."

దాలమ్మ తల మీద చెయ్యి పెట్టుకుంది. "మరిగే నీళ్ళా? ఓలమ్మో! నెత్తుటి మీద వేడినీళ్ళు పోత్తే గుడ్డని కరిసీసుకుంటాది బాబూ. అలగే తెచ్చుంటే గంటలో పోయుండేది."

నాయుడికి ఆ మాట ఎక్కలేదు. గౌరీసు వైపు తిరిగాడు. "రేపు మూడింటికి వత్తాను. సీటు మీద మరక కనబడిందా, నీకూ నాకూ సెల్లు. పదకొండేళ్ళు సేసినావని సూడను."

గౌరీసు జేబులోంచి చేతిగుడ్డ తీసి, ఏం తుడవాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. వాడికి తెలిసిన పని స్టీరింగు తిప్పడం ఒక్కటే. నాకు ఆ నాయుడి మీద అప్పుడే కసి పుట్టింది. ఒక ప్రాణం క్షేమంగా బయటపడ్డ సీటు వాడికి మైలట! పెళ్ళి బృందాలు దాని మీద కక్కిన బిర్యానీ, ఉమ్మిన కిళ్ళీ ఎన్నిసార్లు తాగానో నాకు తెలుసు. వాటికి వాడు ఏనాడూ పసుపునీళ్ళు చల్లలేదు.

సీటు విప్పి బయట పెట్టారు. దాలమ్మ బోరు నీళ్ళలో రాళ్ళుప్పు కలిపి పోసింది. ఆ నీళ్ళు చల్లగా ఉండాలి. నానబెట్టడం, అరచేత్తో అద్దడం, నేను పీల్చడం. మళ్ళీ పోయడం, మళ్ళీ పీల్చడం. గట్టిగా తోమితే మరక లోపలికి దిగుతుంది. అందుకని ఆమె బ్రష్షు ముట్టుకోలేదు. నా పొట్టలో నీళ్ళు మొదట ఎర్రగా, తర్వాత గులాబీరంగుగా, మధ్యాహ్నం ఒంటిగంటకి తేటగా వచ్చాయి. కింది కార్పెట్టు ఎత్తి మెత్త కూడా అలాగే పిండేశాం. గౌరీసు నా పొట్ట ఎత్తి కాలవలో పోసి తెస్తూనే ఉన్నాడు, ఏడెనిమిదిసార్లు. నెత్తురు పోయింది. పోయిందని నేను చెప్తున్నాను, నాకన్నా తెలిసినవాడెవడు?

మిగిలింది పసుపు.

అప్పుడే నాయుడు భోంచేసి మళ్ళీ వచ్చాడు. మనసు ఊరుకోక వచ్చినట్టున్నాడు. దాలమ్మ సీటు మీద సబ్బునురగ పోసి బ్రష్షు ఆనించింది. ఆనించిందో లేదో, పచ్చటి మచ్చ మీద నురగ ఎర్రబడింది. చూస్తూండగానే సీటంతా ఎర్రగా అయిపోయింది.

నాయుడు రెండడుగులు వెనక్కి వేశాడు. "మళ్ళీ వచ్చీసింది! నెత్తురు మళ్ళీ వచ్చీసింది! అది పోదు, దాలమ్మా. ఆ సీటు తీసుకెళ్ళి ఎక్కడైనా పారీ!" తర్వాత గౌరీసుని చూశాడు. "నువ్వు కూడా ఎల్లిపో."

నేను ఊరుకోలేదు, స్విచ్చి వేసి ఉంది కాబట్టి ఇంకా గట్టిగా అరిచాను. దాలమ్మ నన్ను ఆపింది. కంగారు పడలేదు సరికదా, నవ్వు ఆపుకుంటోంది. లేచి కారు ముందుకి వెళ్ళి, దిష్టికని బంపరుకి కట్టిన నిమ్మకాయ తెంపింది.

"అది తియ్యకు!" అని నాయుడు అంటూనే ఉన్నాడు. ఆమె దాన్ని కత్తితో రెండు చెక్కలు చేసి ఆ ఎరుపు మీద పిండింది. పిండినచోటల్లా ఎరుపు విరిగిపోయి మళ్ళీ పసుపుపచ్చ అయింది.

"పసుపులో సున్నం కలిపితే ఏటవుతాది బాబూ? పారాణి. నీ పెళ్ళిలో నీ కాళ్ళకి రాసినారు కదా! సబ్బు తగిలినా అంతే. ఎర్రబడతాది. ఇది ఆ పిల్లతల్లి నెత్తురు కాదు. నువ్వు పోసిన పసుపు."

నాయుడు తేరిపార చూశాడు. పెళ్ళిళ్ళ మీద బతికే మనిషికి పారాణి సంగతి ఒకరు గుర్తు చేయవలసి వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు కడుపు నిండింది. పురిటి మరక ఒక పూటలో పోయింది, శుద్ధి చేసిన మరక పోవడం లేదు! అది మాత్రం నా వల్ల కాదని ఒప్పుకుంటాను. పసుపు నాకు లొంగదు. ఎండకి లొంగుతుంది. దాలమ్మకి అదీ తెలుసు. సీటు తడిపి ఎండలో పెట్టింది. ఎండ జరిగినప్పుడల్లా గౌరీసు ఆ బరువు సీటుని జరిపాడు. సాయంత్రానికి పచ్చదనం సగం వెలిసింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ తడిపి మళ్ళీ ఎండ పట్టించారు. రెండు గంటలకి సీటు పూర్తిగా గోధుమరంగులోకి వచ్చి, ఎండుగడ్డి వాసన వేస్తోంది. ఎత్తి కారులో బిగించారు.

మూడింటికి నాయుడు వచ్చాడు. ఒక్కడే కాదు, వెంట బైకు మీద ఇంకో డ్రైవర్ని తెచ్చుకున్నాడు. గౌరీసు అతన్ని చూసి చూపు దించుకున్నాడు.

నాయుడు వెనక సీటు మీదకి వంగాడు. వాసన చూశాడు. గోటితో గీకాడు. ఈ చివర నుంచి ఆ చివరకి వెతికాడు.

"ఏ పక్కన దాలమ్మా? నిన్న కంగారులో గురుతెట్టుకోలేదు."

"నువ్వే సూపించు బాబూ."

చాలాసేపు చూసి, ఎడం పక్కన వేలు పెట్టాడు. "ఇక్కడే. కొంచెం కనబడతంది."

ఆ బిడ్డ పుట్టింది కుడి పక్కన. దాలమ్మ చూపు అటు పోయింది. నాయుడికి ఆమె మొహం చూస్తేనే అర్థమైంది. నడుం ఎత్తి, తాళాలు చేతిలో ఆడించాడు.

"సరే గౌరీసూ. తాళాలు ఇత్తాను. పైడితల్లమ్మ మీద ఒట్టెయ్. ఇంక దారిలో ఎవులు సెయ్యెత్తినా ఆపనని."

తలకాయ ఊపితే చాలు, ఉద్యోగం నిలుస్తుంది. నాకే అనిపించింది, వెయ్యరా బాబూ అని. గౌరీసు సీటు వైపు చూసి, రోడ్డు వైపు చూశాడు.

"ఒట్టెయ్యను బాబూ."

"ఏం?"

"రేపు ఎవులైనా అలగే సెయ్యెత్తితే ఆపీత్తాను. నా సంగతి నాకు తెలుసు. అమ్మోరి మీద అబద్దపొట్టు ఎలగేత్తాను?"

నాయుడు తాళాలు తెచ్చి నా మూత మీద పెట్టాడు. "ఐతే ఇంటికెళ్ళు," అన్నాడు. బైకు మీది మనిషి దిగి నా వైపు రెండడుగులు వేశాడు. స్విచ్చి వెయ్యని మిషన్ని, నేనేం చేయగలను? నెత్తి మీద ఆ తాళాల బరువు మోస్తూ కూర్చున్నాను.

దాలమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది.

"నాయుడు బాబూ, నువ్వు పుట్టినపుడు నాకు ఎనిమిదేళ్ళు. మీ అమ్మ రెండు రోజులు నొప్పులు పడింది. నువ్వు దక్కుతావని ఎవులూ అనుకోలేదు. ఆ పురిటి గుడ్డలు మా అమ్మా నానూ గెడ్డ నీళ్ళలో ఉతికినాం. ఒక్కటీ పారీలేదు. ఉతికి తెచ్చిత్తే, అందులో సీర మడతేసి మీ నాయినమ్మ నీకు ఉయ్యాల కట్టింది. ఏడాది దాకా ఆ సీరలోనే తొంగున్నావు నువ్వు."

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. నాయుడు సీటు వైపు చూశాడు, ఈసారి మరక కోసం కాదు. తర్వాత నా మూత మీది తాళాలు తీసుకుని, బైకు మనిషితో "నువ్వెళ్ళు," అన్నాడు. తాళాలు గౌరీసు చేతిలో పెట్టాడు.

"టైమైపోతంది. పెళ్ళికూతురు ఎదురుసూత్తాది."

ఆ సాయంత్రం ఆ సీటు మీద గంట్యాడ పెళ్ళికూతురు కూర్చుంది. ఆకాశం విరిగి పడలేదు. గౌరీసు ఇప్పటికీ దారిలో చెయ్యెత్తినవాళ్ళ కోసం ఆపుతూనే ఉన్నాడు. ఒకసారి తాటిచెట్టు మీంచి పడ్డవాణ్ణి, ఒకసారి పాము కరిచిన ముసలమ్మని తెచ్చాడు. కార్పెట్టు ఖరాబైనప్పుడల్లా కారు మా షెడ్డు ముందు ఆగుతుంది. దాలమ్మ నన్ను బయటికి లాగుతుంది. నాయుడు ఫోన్లో విసుక్కుంటాడు గాని, ఒట్టు మాట మళ్ళీ ఎత్తలేదు.

నా అడుగున తుప్పు పట్టింది. గొట్టానికి మూడుచోట్ల టేపు చుట్టారు. పాతసామాన్లవాడు వచ్చినప్పుడల్లా నన్ను తట్టి చూసి పోతున్నాడు. చూసుకోనీ. మోటారు తిరిగినంత కాలం నా గొంతు తగ్గదు. మీరు మాత్రం సీటు పాడవుతుందని చెయ్యెత్తినవాళ్ళని దాటి పోకండి. ఎక్కించుకోండి. పాడైతే సాలూరు రోడ్డులోకి తీసుకురండి, ఇక్కడ మేం ఉన్నాం.