సగం తలుపు వెనక వెర్లా

“ఆదాము బొమ్మ కాదు సిస్టర్, ఓడ బొమ్మ,” అంది పిల్లల తరగతి చెప్పే ఆవిడ. వాళ్ల చర్చిలో ఆడవాళ్లంతా ఒకరికొకరు సిస్టర్లే. వెర్లా పటాల కట్టలో చెయ్యి పెట్టి నోవహు ఓడను బయటికి లాగింది. వారమంతా టర్కీకోళ్ల కర్మాగారంలో ఈకలు పీకి పీకి ఆమె వేలి కణుపులు ఉబ్బిపోయాయి. ఆదివారం మాత్రం ఆ చేతులు శాన్‌పీట్ లోయ మందిరంలో, పుస్తకాల గది సగం తలుపు మీదుగా సుద్దముక్కలూ పటాలూ అందించేవి. జీతం లేదు. దేవుడి పని. లోయలో ఆమెకున్న గుర్తింపు అదొక్కటే.

పటాల వెనక కింది అరలో ఆమె సొంతంగా కొన్న పుస్తకాలుండేవి. తోపుడుబళ్లు లాక్కుంటూ మైదానాలు దాటివచ్చిన తాతల చరిత్రలు, నాలుగైదు నవలలు. వాటిలో ఒకటి చెల్లెలు అయోన్ రాసింది. ఆ చర్చిలో మగవాళ్లు ఇద్దరు ముగ్గురిని పెళ్లాడే రోజుల్లో, మొగుడి బండి తన వాకిలి దాటి పెద్దభార్య ఇంటి ముందు ఆగే చప్పుడు వింటూ పడుకునే రెండో భార్య కథ. వాళ్ల అమ్మమ్మ కథే. అచ్చయ్యాక చర్చి పెద్దలు ముఖం తిప్పుకున్నారు. అయోన్ కాలిఫోర్నియా వెళ్లిపోయి అక్కడే కన్నుమూసింది. అబద్ధం రాసిందని మాత్రం ఎవరూ అనలేదు.

ఆడవాళ్లు వచ్చి గొంతు తగ్గించి “ఆ చిన్న పుస్తకం ఉందా?” అనేవారు. వెర్లా దాన్ని ఓడ బొమ్మలో చుట్టి ఇచ్చేది.

“ఎన్నిసార్లు ఓడెక్కిస్తావు తల్లీ మమ్మల్ని!” అని నవ్వేది లరూ, బిషప్ భార్య. కిందటి చలికాలమంతా పుస్తకం ఆమె దగ్గరే ఉంది.

ఆరాధనకు ముందు బిషప్ గార్త్ వచ్చాడు. బిషప్ పనికీ జీతం లేదు, వారమంతా గొర్రెలు కాసే మనిషి. చిన్నప్పుడు ఈ గదిలోనే సుద్దముక్కలు కొట్టేసేవాడు.

“సిస్టర్ వెర్లా, మీరు చేసింది చాలు. ఇవాళ్టితో ఈ గది పనినుంచి మిమ్మల్ని విడుదల చేస్తున్నాం.”

“చాలని నేనన్నానా, గార్త్?”

“మీరెందుకంటారు! ఇంకోటి. పైనుంచి పంపినవి తప్ప వేరే పుస్తకాలు ఉండకూడదట.”

“అయోన్‌ది కూడానా?”

అతను తల గోక్కున్నాడు. “ఎవరో ఒకరు కావాలంటే ఉంచుతా, పూచీ నాది. అయినా దాన్నెవరు చదువుతారు చెప్పండి?”

తలుపు ముందు నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. నలుగురూ చదివినవాళ్లే. వెర్లా ఎవరి పేరూ బయటపెట్టలేదు. లరూ వంక చూసింది, అంతే.

లరూ చేతితొడుగు సర్దుకుంది. “నాకు సుద్దముక్కలు చాలు, సిస్టర్,” అంది.

ఆరాధనలో గార్త్ ఆమె పేరు చదివి, కృతజ్ఞత చెప్పేవాళ్లు చెయ్యెత్తమన్నాడు. మందిరం నిండా చేతులు లేచాయి. లరూ చెయ్యి అందరికంటే పైన. అక్కడ చెయ్యెత్తమన్నప్పుడల్లా ఎత్తే వెర్లా అలవాటు కొద్దీ తనూ ఎత్తింది. పక్కవాళ్లు నవ్వారు. ఇన్ని చేతులిచ్చిన ప్రభువు ఒక్క నోరు ఎందుకివ్వలేదో అనుకుంది. అలా అనుకున్నందుకు వెంటనే మన్నించమని వేడుకుంది.

పుస్తకాన్ని కోటు కింద దాచుకుని మంచులో ఇంటికి నడిచింది.

మార్చిలో ఒకరోజు పనికి రాలేదేమని కర్మాగారం వాళ్లు చూడబోతే, వెర్లా మంచం మీదే పోయి ఉంది. సమాధి దగ్గర లరూ ప్రార్థన చేసి అందరినీ ఏడిపించింది. ఇల్లు ఖాళీ చేసినవాళ్లు పుస్తకాలన్నీ చెత్తబండిలో వేశారు.

ఆ తరవాతి ఆదివారం లరూ సగం తలుపు దగ్గర నిలబడి అటూ ఇటూ చూసింది. “వెర్లా... ఒక చిన్న పుస్తకం గానీ వదిలి వెళ్లిందా?”

“ఏ పుస్తకం సిస్టర్?” అంది వెర్లా పనిలోకి కొత్తగా వచ్చిన ఆవిడ. “అదొక్కటే వదిలింది.”

గోడకున్న కొయ్యకు బూడిదరంగు స్వెట్టర్ వేలాడుతోంది, రెండు ముంజేతుల నిండా సుద్దపొడి.