పద్నాలుగు రోజుల గీతలు

చెంబుతో నీళ్లు జారవిడుస్తూ జీవమ్మ ఆంజనేయుడి ఎడమ చెంపను రుద్దుతోంది. పైనుంచి కిందికి కాదు, దవడ వంపు ఎటు తిరిగితే అటు. నల్లటి రాతిబురద విగ్రహం మెడ మీదుగా, ఛాతీ మీదుగా కారి పీఠం దగ్గర చేరుతోంది. కాసేపటికోసారి ఆగి, మణికట్టుతో చెంప తుడిచి, తల పక్కకు వంచి వెలుగులో చూస్తోంది. సున్నాల్లాంటి గీతలు ఇంకా ఉన్నాయి.

అవి కొత్త మిషను పెట్టిన గీతలు. కరెంటు పాలిష్ చక్రం వీపు మీద, ఛాతీ మీద బాగానే తిరిగింది. చెంప దగ్గరికి వచ్చేసరికి ఒరిగింది. విగ్రహం కొన్న బేతంచెర్ల వాళ్లు పదకొండింటికి లారీ తెస్తారు.

ఈ పొద్దు ఆమె రాయి ముట్టకూడదు. పద్నాలుగు రోజులుగా ముట్టలేదు కూడా.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనున్న ఈ శిల్పాల షెడ్డులో ఆమె ఇరవై ఆరేళ్లుగా విగ్రహాలు నునుపు చేస్తోంది. ఇప్పుడు షెడ్డు నడిపే మనోజ్ అప్పుడు బడికి పోయే పిల్లవాడు. వాళ్ల నాయన చెక్కేవాడు, ఈమె రుద్దేది. కళ్లు మాత్రం ఆమె ముట్టేది కాదు. కళ్లు శిల్పి పని, అదీ అన్నిటికన్నా చివర. మిగిలిన ఒళ్లంతా ఆమె చేతి కిందే మెరుపు తేలేది. అలా మెరిసిన దేవుళ్లు ఏ ఊళ్లో ఉన్నారో ఆమెకు తెలియదు. ఆదివారం ఆమె చర్చికి పోతుంది.

నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక ఆర్డర్లు పెరిగాయి. కొత్త కాలనీలకు, కొత్త గుళ్లకు, హోటళ్ల ముందు పెట్టడానికి విగ్రహాలు కావాలి. చేతులతో అందవు. మనోజ్ అప్పు తెచ్చి చెక్కే మిషను కొన్నాడు, తరువాత పాలిష్ మిషను. వాటిని నడపడానికి చదువుకున్న వాళ్లు ముగ్గురు వచ్చారు. రుద్దేవాళ్లు ఐదుగురికి పని పోయింది. ఒకటో తారీకు నుంచి జీవమ్మకూ, నీళ్లు మోసే సుజాతకూ పని లేదు.

సుజాతే కనుక్కొచ్చింది. నంద్యాల బయట విత్తనాల కంపెనీ పెద్ద గోడౌను కట్టింది. గింజలు ఏరడానికి రెండు వందల మంది ఆడవాళ్లు కావాలి. నెల జీతం, పీఎఫ్, కూర్చుని చేసే పని. ఇద్దరూ పోయారు. సుజాత వేలిముద్రల మిషను మీద వేలు పెట్టగానే పచ్చలైటు వెలిగింది. జీవమ్మ పది వేళ్లూ పెట్టినా ఎర్రలైటే. రాయి రుద్ది రుద్ది వేళ్ల కొనలు గాజులా నున్నగా అరిగిపోయాయి.

"రెండు వారాలు బరువు పని చేయొద్దు పెద్దమ్మా. గీతలు మళ్లీ వస్తాయి. పదహారో తారీకు వరకు పేర్లు రాసుకుంటాం," అంది అక్కడి క్లర్కు భానుప్రియ.

అప్పటి నుంచి జీవమ్మ రాత్రిళ్లు వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని గుడ్డ చుట్టుకునేది. గిన్నెలు పక్కింటావిడ చేత తోమించుకుంది. పదోరోజు ఎండలో బొటనవేలు చూసుకుంటే, పాలమీగడ ముడతల్లాంటివి రెండు మూడు కనిపించాయి. సుజాతకు చూపించింది. "వచ్చినాయి మే! ఇంగేముంది," అని సుజాత నవ్వింది.

ఈ రోజు పదహారు. పాత కూలి బాకీ తీసుకుని అక్కడి నుంచే బస్సెక్కుదామని సుజాత రమ్మంటే, షెడ్డుకు వచ్చింది. మనోజ్ ఎదురొచ్చాడు.

"పెద్దమ్మా, ఒక్క చెంపే. నువ్వు తప్ప ఎవురికొస్తాది ఈ పని?"

"నా ఏలిముద్రలు నంద్యాలలో పెట్టాల మనోజప్పా ఈ పొద్దు."

"పది నిమిషాలు గూడ పట్టదు. బస్సులు దండిగా ఉండాయి."

జీవమ్మ చెంప వైపు చూసింది. పోదామని రెండడుగులు వేసింది. మళ్లీ తిరిగి చూసింది. గోడ దిమ్మె మీద ఆమె పాత రాయి ఉంది, ఆఖరి నునుపుకు వాడేది, సబ్బు బిళ్లంత. దాన్ని చేతిలోకి తీసుకుంది. కొంగు బొడ్లో దోపుకుంది.

పది నిమిషాల పని గంట పట్టింది. గీతలన్నీ పోయాక ఆంజనేయుడి చెంపలో షెడ్డు రేకులు, వాటి పైన ఆకాశం కనిపించాయి. రాయి పీఠం పక్కన పెట్టి చేతులు కడుక్కుంటుంటే సుజాత వచ్చింది.

"ఏం మే, ఏం చేస్తాండావ్ నువ్వు?"

"అయిపాయ. పదా."

"నీకేమన్నా మతుండాదా? ఇన్నాళ్లు నూనె పూసుకునిందెందుకు?"

జీవమ్మ బొడ్లో దోపిన కొంగు విప్పుకుంది. చేతులు తుడుచుకుంది, వేళ్లు చూసుకోలేదు.

బస్సులో కండక్టరు ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్టు కొట్టిచ్చాడు. శిరివెళ్ల దాటేదాకా సుజాత తిడుతూనే ఉంది. తరువాత తన కొంగుతో జీవమ్మ బొటనవేలు పట్టుకుని ఊదింది, వేడిగా ఊదితే గీత లేస్తుందేమోనన్నట్టు. కిటికీ బయట శనగ చేలు పండి ఎర్రబడ్డాయి. వాటి మధ్య ప్లాట్లకు పాతిన రంగు హద్దురాళ్లు, ఉద్యోగాల బోర్డులు, సగం కట్టిన గోడౌన్లు పోతున్నాయి.

భానుప్రియ ఆమెను గుర్తుపట్టింది. "రా పెద్దమ్మా, నీకోసమే చూస్తున్నా. ఇంకో పదకొండు పేర్లే ఖాళీ."

బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు. తుడిచి పెట్టింది. చూపుడు వేలు పెట్టింది. ఎడమ చేయి పెట్టింది. భానుప్రియ తనే ఆమె వేలు పట్టుకుని గట్టిగా నొక్కింది. వెనకున్న ఆడవాళ్లు తొంగి చూశారు. ఎవరో "ఆయమ్మకు ఏళ్లే లేవంట" అని నవ్వారు.

"కార్డు ఉండాది కదమ్మా, నేనే కదా ఇది," అంది జీవమ్మ.

"కార్డుతో పేరు రాసుకోవచ్చు పెద్దమ్మా. రోజూ హాజరు దీంతోనే. వేలు పడకపోతే వచ్చినట్టు కాదు." భానుప్రియ ఆమె చేతిని తిప్పి చూసి ఆగింది. "ఈ పొద్దు గూడ పని చేసినావా?"

గోళ్ల చుట్టూ నల్లగా ఉంది. జీవమ్మ చేయి వెనక్కి తీసుకుంది.

ముందే వేలు పడిన సుజాతకు నీలం ఆప్రాను, టోపీ ఇచ్చారు. వాటిని సంచిలో అడుక్కి తోసి, జీవమ్మతో బస్టాండుకు నడిచింది. అక్కడికొచ్చాక అంది, "రేపు నేనొచ్చి ఆయమ్మను మళ్లీ అడుగుతా అక్కా."

"ఏమడుగుతావు మే. ఏలే లేకపాయ," అని జీవమ్మ నవ్వింది. సుజాత నవ్వలేదు.

ఆళ్లగడ్డ బస్సు పక్కనే సంజామల బస్సు ఆగి ఉంది. సంజామలలో జీవమ్మ చెల్లెలు ఉంది. శనగ కోతకు మనుషులు దొరకడం లేదని వారం కింద ఫోన్ చేసింది. జీవమ్మ రవికెలోంచి గది తాళంచెవి తీసి సుజాత చేతిలో పెట్టింది.

"బియ్యం నువ్వు తీసుకో. మా ఆయన ఫొటో మాత్రం జాగ్రత్త."

"ఈ పొద్దే యాడికి పోతావ్? గుడ్డలన్నా లేవు."

"చెల్లెలివి కట్టుకుంటా."

"మళ్లెప్పుడొస్తావ్?"

"చూస్తా లే. నువ్వు బిన్నా పో, నీ బస్సు కదుల్తాంది."

సంజామల బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు కార్డు అడిగాడు. చూపించింది. ఇంకో సున్నా టికెట్టు ఇచ్చాడు.

మరునాడు పొద్దున మనోజ్ షెడ్డు తెరిచాడు. బేతంచెర్ల లారీ ఆంజనేయుణ్ని తీసుకుపోయిన చోట నేల నలుచదరంగా పొడిగా ఉంది. దాని అంచున జీవమ్మ రాయి. మనోజ్ వంగి తీసుకున్నాడు. అటు నాలుగు, ఇటు ఒకటి గుంటలు పడి ఉన్నాయి. అతని వేళ్లు వాటిలో కుదరలేదు. ఆరు రోజుల్లో ఇంకో విగ్రహం పోవాలి, దానికీ చెంపలున్నాయి. జీవమ్మ కోసం సుజాతకు ఫోన్ చేశాడు. ఆమె డ్యూటీలో ఉంది, ఎత్తలేదు.

రాయిని గోడ దిమ్మె మీద పెట్టాడు. బొటనవేలు ఆనే గుంటలో నిన్నటి రాతిబురద ఎండి, వంపులు తిరిగిన సన్నని గీతలుగా పగిలి ఉంది.