ఎవరి పళ్ళెం వాళ్ళు

వినీలకి ఒక మంచి గుణం ఉంది. కొంప ముంచేది కూడా అదే. ఒక మాట సరైనదని తోచిందంటే దాన్ని సాయంత్రం దాకా కడుపులో దాచుకోలేదు. రాజమండ్రిలో పుట్టి పెరిగిన పిల్ల. పన్నెండేళ్ళ కిందట, మొగల్తూరు దాటాక సముద్రం వైపున్న ఆ పేటకి కోడలిగా వచ్చింది. పేటకి ఆమె అలవాటైంది. ఆమెకే పేట ఇంకా పూర్తిగా తెలియదన్న సంగతి మాత్రం డిసెంబరు రెండో ఆదివారం నాడు బయటపడింది.

ఆ రోజు ఆరాధన చివర, ప్రకటనల వేళకి సంఘ కార్యదర్శి శ్యాంబాబు లేచి, "ఈ ఏడు క్రిస్మస్ ప్రేమ విందు మన మార్తమ్మగారి మొక్కుబడండి. అందరూ తప్పకుండా ఉండి, భోంచేసి వెళ్ళాలండి" అని చెప్పాడు. ప్రేమ విందంటే పండగ ఆరాధన అయ్యాక పేట పేటంతా చర్చి ముందు పందిట్లో కలిసి తినే భోజనం. ఏటా ఒక ఇల్లు దాన్ని నెత్తిన వేసుకుంటుంది. ఈసారి వినీల అత్తగారు వేసుకుంది. అక్టోబరులో కొడుకు విజయ్ పాల్ డెంగీతో ఆసుపత్రిలో తొమ్మిది రోజులు మంచానికి అతుక్కుపోతే, వరండాలో మోకాళ్ళ మీద కూర్చుని, "వీణ్ణి నాకిచ్చెయ్యి ప్రభువా, క్రిస్మస్‌కి నా చేత్తో పేటందరికీ పెట్టుకుంటాను" అని మొక్కుకుంది మార్తమ్మ. ప్రభువు ఇచ్చేశాడు. విజయ్ పాల్ మళ్ళీ ఆటో తోలుకుంటున్నాడు. కాస్త చిక్కాడంతే.

శ్యాంబాబు కూర్చోగానే ఆడవాళ్ళ వరసలోంచి వినీల లేచింది.

"ఒక్క మాటండి. ఈసారి థర్మోకోల్ పళ్ళేలు, ప్లాస్టిక్ గ్లాసులు పెట్టట్లేదండి. ఎవరి పళ్ళెం, ఎవరి గ్లాసు వాళ్ళు ఇంటి దగ్గర్నించి తెచ్చుకోండి. తిని, కడుక్కుని పట్టుకెళ్ళిపోతే చెత్తన్నదే ఉండదు."

చెప్పి, ఓ మంచి పని చేసిన మొహంతో చుట్టూ చూసింది.

ఆమె వైపు న్యాయం లేకపోలేదు. సెప్టెంబరు చివర్లో వచ్చిన తుఫాను వానకి చర్చి వెనక తూము పూడిపోయి, పేటలో నాలుగు రోజులు మోకాళ్ళ లోతు నీళ్ళు నిలిచాయి. మనుషుల్ని దింపి తవ్విస్తే బయటికొచ్చినవి కిందటి క్రిస్మస్ పళ్ళేలు. బస్తాలకి బస్తాలు. ఒక్కటంటే ఒక్కటి కుళ్ళలేదు. ఆ నిలవ నీళ్ళలో దోమలు, ఆ దోమలతో డెంగీ. మొగుడి మంచం పక్కన కూర్చున్న తొమ్మిది రోజులూ వినీల కళ్ళ ముందు ఆ తెల్ల పళ్ళేలే మెదిలాయి. పోనీ అరటాకులు వేద్దామంటే అదే తుఫానుకి తోటల్లో ఆకన్నది చీలికలు పేలికలైంది. బజార్లో దొరికే విస్తళ్ళకి అడుగున ప్లాస్టిక్ పొర. ఇంక మిగిలిన దారి అదొక్కటే అనుకుంది పాపం.

చర్చిలో ఎవరూ సరేననలేదు. పెద్దవాళ్ళ వరసలో తలలు కిందికి దిగాయి. శ్యాంబాబు ఊరికే దగ్గాడు. పాస్టరుగారు దీవెన కోసం చేతులెత్తుతుండగానే మార్తమ్మ చెంగు తల మీదకి లాక్కుని, బైబిలు సంచి చంకన పెట్టుకుని బయటికి నడిచింది. దీవెన అందుకోకుండా ఆవిడ చర్చి గడప దాటడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

దారిలో వినీల మొగుణ్ణి పట్టుకుంది. "అత్తయ్యకి ఏమైందండి?"

"భోజనానికి పిలిచి పళ్ళెం తెచ్చుకోమంటావేంటి? మన జిల్లాలో ఎక్కడైనా ఉందా ఇది?" అన్నాడు విజయ్ పాల్.

"మీకు జబ్బు తెప్పించినవి ఆ పళ్ళేలేనండి. అవి వద్దన్నాను. అదీ తప్పేనా?"

"నాతో ఎందుకు, అమ్మనే అడుగు."

అడగడానికి మనిషి చిక్కితే కదా. మార్తమ్మ దెబ్బలాడే రకమైతే బాగుండేది. ఆవిడ నోరు విప్పలేదు. వేళకి స్నానం, వేళకి ప్రార్థన, అందరూ తినేశాక ఒక్కతే ఇంత వడ్డించుకుని తినడం. రెండు రోజులు చూసింది వినీల. మంగళవారం మధ్యాహ్నం, అత్తగారు పండగ బూరెల కోసం శనగపప్పు చేటలో పోసుకుని ఏరుతుంటే వెళ్ళి ఎదురుగా కూలబడింది.

"అత్తయ్యా, నాలుగు తిట్టండి. ఇలా ఊరుకోకండి, నాకు ముద్ద దిగట్లేదు."

మార్తమ్మ చేట పక్కన పెట్టింది.

"నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా నాన్న పాలేరుగా ఉన్న కామందుగారింట్లో పెళ్ళి. భోజనానికి రమ్మని కబురంపేరు. పళ్ళెం తెచ్చుకోమని కూడా చెప్పేరు. మాకున్నది ఒకటే సత్తు పళ్ళెం. అది పట్టుకుని వెళ్ళేం, నేనూ నాన్నా. పశువుల సావిడి వెనక కూచోబెట్టేరు. ఇంతెత్తు నించి అన్నం వదిలేరు, గరిటె మా పళ్ళేనికి తగలకూడదని. సగం నేల మీద పడింది. తిని, కడుక్కుని, పట్టుకెళ్ళిపోయేం. నువ్వు మొన్న చర్చిలో అన్నావే, అలాగే."

వినీలకి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది.

"ఆ ఏడే మా ఊళ్ళో ప్రేమ విందుకి మొదటిసారి వెళ్ళేను. పళ్ళెం చంకలో పెట్టుకునే వెళ్ళేను, నాకేం తెల్సు? పాస్టరమ్మగారు దాన్ని తీసి పక్కన పెట్టేసి, వాళ్ళింట్లో పళ్ళెంలో వడ్డించింది. తిన్నాక కడగబోతే నా చేతిలోంచి లాక్కుంది. నా ఎంగిలి పళ్ళెం ఆవిడ కడిగిందే! అందరూ వాక్యం విని నమ్ముకుంటారు. నేను మాత్రం ఆ పళ్ళెం కడగడం చూసి నమ్ముకున్నాను."

"నాకు తెలీదత్తయ్యా" అంది వినీల ఏడుస్తూ.

"నీకెలా తెలుస్తుంది, చెప్తే కదా. మీ ఆయనకే చెప్పలేదు నేను. ఇలాంటివి పిల్లలకి చెప్పుకుంటామా?"

"పోనీ, థర్మోకోల్ పళ్ళేలే తెప్పిస్తాను."

"నా కొడుకుని చంపబోయినవి నా పందిట్లోకా? వద్దు. నువ్వన్నది తప్పని నేననట్లేదే. కానీ నా మొక్కు, నా అన్నం. దానికొచ్చే మనుషులు చేతిలో పళ్ళేలు పట్టుకుని నిలబడితే నేను చూళ్ళేను. ఆరాధనకి వస్తాను. దీవెన కాగానే ఇంటికొచ్చి పడుకుంటాను. మీరు పెట్టుకోండి."

మళ్ళీ చేట ఒళ్ళోకి లాక్కుంది. ఇంక ఆ మాట అయిపోయినట్టే.

వినీల దొడ్లోకి వెళ్ళి, బాదం చెట్టు కింద కూర్చుని కరువుతీరా ఏడ్చింది. మొక్కుకున్న మనిషే పందిట్లో లేకపోతే ఆ విందు ఎవరి కోసం? కొడుకు దక్కాడన్న సంతోషంతో తన చేత్తో పేటకింత పెట్టుకోవాలని ఆశపడిన ముసలావిణ్ణి, తన నోటితో తనే పందిట్లోంచి గెంటేసింది. పన్నెండేళ్ళలో ఒక్కనాడు కూడా తనని పరాయి పిల్లలా చూడని మనిషిని.

ఆమె అలా కూర్చుని ఉండగానే చేపల గంపతో వీరదుర్గ దొడ్డిదారిన వచ్చింది. బెస్తవాళ్ళ అమ్మాయి. వారానికి మూడుసార్లు పేటలో చేపలమ్ముతుంది. సంగతంతా విని గంప దించింది.

"దీనికింత ఏడుపేంటి వదినా? పెళ్ళికి గుండిగలూ గంగాళాలూ ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకోమా? పళ్ళేలూ అలాగే అరువడుగు. పట్టుకురమ్మంటే అవమానం. మీ పళ్ళెం మాకివ్వండి అంటే ఎవరైనా కాదంటారా? మా పిల్ల ఓణీల ఫంక్షన్‌కి పేరు చెక్కించి పంచగా మిగిలిన పళ్ళేలు పాతిక నా దగ్గరే ఉన్నాయి. కానీ ఊరికే ఇవ్వను."

"మరి?"

"నాక్కూడా వడ్డించాలి. వేడివేడిగా."

మర్నాటి నుంచీ వినీల గడప గడపా ఎక్కింది. ప్రతి గుమ్మంలోనూ ముందు, "ఆదివారం నాడు కాని మాటన్నానండి, మనసులో పెట్టుకోకండి" అని, ఆ తర్వాతే, "మీ పళ్ళేలు మాకు కావాలండి. మేమే వడ్డిస్తాం, మేమే కడిగి తెచ్చిస్తాం" అని అడిగింది. మాట మార్చుకోవడం అంత తేలికేం కాదు. మొదటి మూడిళ్ళలో తల దించుకునే అడిగింది. నాలుగో ఇల్లు పాపాయిది. చుట్టాలొస్తే కూడా స్టీలు సామాను బయటికి తియ్యదని పేరుమోసిన మనిషి. ఆవిడ వినీలని ఎగాదిగా చూసి, లోపలికెళ్ళి, పాత చీరలో చుట్టి పెట్టిన ఆరు పళ్ళేలు తెచ్చి చేతిలో పెట్టింది. మిలమిల మెరిసిపోతున్నాయి. అంచున ఆవిడ పేరూ, పెళ్ళినాటి తారీఖూ చెక్కి ఉన్నాయి.

"ఒక్కసారీ వాడలేదే ఇవి. మీ అత్త అన్నం పెడతానంటే దాచుకుంటానా? చొట్టలు పడితే మాత్రం నీ తల పగలగొడతాను."

వారం తిరిగేసరికి చర్చి సామాన్ల గది నిండింది. అత్తగారికి ఎవరూ చెప్పకూడదని వినీల ఒట్టేయించుకుంది. ముందే చెప్తే ఆవిడ వద్దంటుందేమోనని భయం.

క్రిస్మస్ నాడు పేటవాళ్ళ తెల్లచీరలతో, ఇస్త్రీ చొక్కాలతో చర్చి నిండిపోయింది. కుర్రాళ్ళు వెదురు బద్దలూ రంగు కాగితాలతో కట్టిన నక్షత్రం గోపురం మీద నుంచి వేలాడుతోంది. పాటలయ్యాయి, వాక్యమైంది, దీవెనైంది. మార్తమ్మ ఈసారి దీవెన అందుకుంది. అందరితో "వందనాలు, వందనాలు" అనుకుంటూ, అన్నమాట ప్రకారం ఇంటి దారి పట్టింది. గేటు దాకా వెళ్ళింది కూడా. పందిట్లోంచి నవ్వులు వినబడితే వెనక్కి తిరిగి చూసింది.

మొదటి బంతి చాపల మీద కూర్చుని ఉంది. ఎవరి చేతిలోనూ పళ్ళెం లేదు. వినీల, విజయ్ పాల్ వంగి వంగి ఒక్కొక్కరి ముందూ కడిగిన పళ్ళెం పెట్టుకుంటూ వెళ్తున్నారు. పాపాయి తన ముందున్న పళ్ళెం అంచు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "ఇది నాది కాదు! వీరదుర్గ కూతురిది!" అని అరుస్తోంది.

"నీది నా దగ్గరుంది పిన్నీ, తిన్నాక పట్టుకుపోతాను" అన్నాడు అవతలి వరసలోంచి శ్యాంబాబు.

ఎవరి పళ్ళెమూ వాళ్ళకి రాలేదు. మార్తమ్మ గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పలావు అయింది, కోడికూర అయింది, బూరెలయ్యాయి. శ్యాంబాబు తిని లేచి, అలవాటు కొద్దీ పళ్ళెం తీసుకుని కుళాయి వైపు బయల్దేరాడు. గరిటె మొగుడి చేతికిచ్చి వినీల పరిగెత్తింది. "బాబాయ్, ఇలా ఇచ్చెయ్యండి" అని పళ్ళెం లాక్కుని, కొత్త తెల్లచీర కుచ్చిళ్ళు ఎగదోపి, తొట్టి దగ్గర గొంతుక్కూర్చుంది. ఆయన ఎంగిలి చేత్తో తీసేసి, కొబ్బరి పీచుతో తోమి, కడిగి బోర్లించింది. మరో పళ్ళెం అందుకుంది.

మార్తమ్మ అది చూసింది. కళ్ళజోడు తీసి చెంగుతో తుడుచుకుంది. అది మళ్ళీ తడిసింది.

ఇంటికెళ్ళలేదు. సరాసరి పందిట్లోకి వచ్చి కొడుకు చేతిలోని గరిటె లాక్కుంది. "ఏంట్రా ఆ వడ్డించడం, పిట్టకేసినట్టు! జరుగు." రెండో బంతంతా ఆవిడే వడ్డించింది. మోకాళ్ళ నొప్పులతో మంచం మీద నుంచి లేవడానికే ఆపసోపాలు పడే మనిషి, ప్రతి పళ్ళెం ముందూ నడుం పూర్తిగా వంచి, గరిటె పళ్ళేనికి ఠంగుమని తగిలేలా వడ్డించింది. వీరదుర్గ వద్దు వద్దంటున్నా మూడోసారి వేసింది. ఒక్క మెతుకు కింద పడలేదు.

ఆఖరి బంతిలో ఇంటివాళ్ళు కూర్చున్నారు. కడిగినవాటిల్లో మిగిలిన పళ్ళేలు వేస్తూ వస్తే వినీల దగ్గరికొచ్చేసరికి అయిపోయాయి. మిగతావన్నీ ఎంగిలివి, తొట్టిలో ఉన్నాయి.

"ఉండు, ఒకటి కడిగి తెస్తాను" అని విజయ్ పాల్ లేవబోయాడు.

"అక్కర్లేదు, కూచో" అంది మార్తమ్మ. అప్పటికే ఆవిడ కలుపుకుని ఒక ముద్ద తింది. కోడలి చెయ్యి పట్టుకుని పక్కన కూలేసింది. తన పళ్ళెంలో అన్నం రెండు వైపులకీ సర్దింది. పెద్ద ముక్క ఏరి వినీల వైపు తోసింది.

పన్నెండేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక పళ్ళెంలో తిన్నది లేదు. వినీల చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. సబ్బు నీళ్ళకి నాని, వేళ్ళు ముడతలు పడి ఉన్నాయి.

"చెయ్యి పెట్టవే" అంది మార్తమ్మ. "నాకు ఆకలేస్తోంది. నువ్వు తినందే నేను తినను."

వినీల చెయ్యి పెట్టింది.