వెనక నిలబడ్డవాళ్లు

"సుయున్చు! వదినా, సుయున్చు!"

బెగాయిమ్ మంచు అంటిన బూట్లు కూడా విప్పకుండా వంటింటి గుమ్మం దాకా వచ్చేసింది. మీరిమ్ చేతులకి మోచేతుల దాకా పిండి. పొయ్యి మీద నూనెలో బోర్సోక్ ముక్కలు బుల్లి దిండ్లలా పొంగుతున్నాయి. ఆడపడుచు ఆ కేక పెట్టిందంటే మంచి కబురు తెచ్చిందనే. ముందు బహుమానం ముట్టాలి, ఆ తరువాతే కబురు నోట్లోంచి ఊడిపడుతుంది. బిష్కెక్‌లో పుట్టిన ఎవరికైనా అది తెలిసిందే.

"ముందు కబురు చెప్పు."

"ఊహూఁ. ముందు నా చెయ్యి నిండాలి. ఊరికే చెబితే కబురు రుచి పోతుంది."

"అయితే నా చెవిపోగులు తీసుకో. నువ్వే విప్పుకో, నా చేతులు చూశావుగా."

"వెండివేనా?"

"అవే తల్లీ. పెళ్లినాడే చూపులతో మింగేశావు కదా వాటిని!"

బెగాయిమ్ చల్లటి వేళ్లు చెవులకి తగిలి మీరిమ్ కెవ్వుమంది. పోగులు రెండూ గుప్పిట్లో పడ్డాకే ఆ పిల్ల నోరు విప్పింది.

"అన్నయ్య పేరొచ్చింది! ఆఖరి పందేనికి ఎంచుకున్నవాళ్లలో అన్నయ్య ఉన్నాడు!"

మీరిమ్ పిండి చేతులతోనే ఆడపడుచుని వాటేసుకుంది. ఒక వాయి బోర్సోక్ మాడిపోయింది. ఆ మాడినవే ముగ్గురూ నిలబడి తినేశారు. మూడో మనిషి మీరిమ్ మొగుడు తాలాయ్. వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్నవాడు కేకలు విని పార పట్టుకునే లోపలికి వచ్చాడు. నవ్వినప్పుడు అతని కుడి కన్ను మాత్రమే నవ్వుతుంది. ఎడమ కన్ను ఎటో చూస్తున్నట్టు ఉంటుంది. అయినా ఆ రోజు రెండూ నవ్వినట్టే అనిపించింది మీరిమ్‌కి.

తాలాయ్ చాలా ఏళ్లు మార్ష్రుట్కా నడిపాడు. ఊరంతా తిరిగే ఆ వ్యానుల్లో కూర్చునేది కొందరు, నిలబడేది మిగతా అందరూ. కిందటి చలికాలం ముందు లారీ టైరు కింద నుంచి లేచిన రాయి అద్దం పగలగొట్టుకుని వచ్చి ఎడమ కంట్లో తగిలింది. ఆ స్థితిలోనూ వ్యాను మెల్లగా పక్కకి తీసి ఆపాడని, లోపల ఒక్కరు కూడా తూలి పడలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. కన్ను పోయింది, దానితో లైసెన్సూ పోయింది. పెళ్లికి ముందు మీరిమ్ స్నేహితురాళ్లు, "ఒంటికన్ను డ్రైవరు నీకెందుకే?" అని అడిగారు. "నన్ను చూడ్డానికి ఒకటి చాలదా?" అంది మీరిమ్.

టీవీకి తగిలించి ఆడే పాత కన్సోల్ ఒకటి పెళ్లికి మేనమామ ఇచ్చాడు. తెర మీది రోడ్డుకి ఒక్క కన్ను సరిపోతుందని తాలాయ్‌కి అప్పుడే తెలిసింది. జాయ్‌స్టిక్ చేత్తో పట్టుకుని బొటనవేళ్లతో కార్లని ఎగరేసుకుపోయేవాడు. పేటలో కుర్రాళ్లెవరూ అతని ముందు నిలవలేకపోయారు. ఈలోగా ఊరి మధ్యలో వీడియో కారు పందేల హాలొకటి తెరిచారు. వచ్చేవాళ్లకి నేర్పడానికి, హాలు తరఫున పోటీల్లో ఆడటానికి ఒక మనిషి కావాలన్నారు. ఎంపిక ఆట జాయ్‌స్టిక్‌తోనే జరిగింది. ఆఖరి పందెం ఆదివారం. ఎవరింట్లో వాళ్లు కూర్చునే ఆడవచ్చు. కానీ జాయ్‌స్టిక్ పనికిరాదు, స్టీరింగ్ ఉండాలి. స్టీరింగ్ మీద చేతులు కనబడేలా ఫోన్ కెమెరా పెట్టుకోవాలి.

ఈ ఉద్యోగం రాకపోతే ఉన్నది ఒకటే దారి. పాత డిపో పెద్దాయన వ్యాన్లు కడిగే పని ఇస్తానన్నాడు, సోమవారానికల్లా రమ్మన్నాడు. తాను నడిపిన వ్యానునే, వేరేవాడు నడిపి తెచ్చి బురదతో నిలబెడితే, కడగాలి. తాలాయ్ ఆ మాట ఇంట్లో ఒక్కసారే చెప్పాడు. చెప్పాక అన్నం మీదికి చెయ్యి పోలేదు.

ఆ సాయంత్రం టీ గిన్నెల మధ్య ఫోన్ పెట్టుకుని స్టీరింగుల వేట మొదలైంది. మీరిమ్‌కి అదో పండగ. పెళ్లికి ముసుగు ఎత్తి కొత్త కోడలి ముఖం చూసినందుకు చుట్టాలు చేతిలో పెట్టిన డబ్బు అలాగే ఉంది. దాంతో మొగుడికి కొనిపెట్టే మొదటి వస్తువు ఇది.

"ఇదిగో వదినా, ఇది చవక," అంది బెగాయిమ్. "లోపల స్ప్రింగు ఉంటుంది. తిప్పి వదిలేస్తే దానంతటదే మధ్యకొస్తుంది. తేలిక. అన్నయ్య వేళ్ల వేగానికి ఇది చాలు."

"అది పిల్లల బండి స్టీరింగులా ఉంది," అన్నాడు తాలాయ్.

"మరి ఆడేది ఆటే కదా అన్నయ్యా, ఓష్ బజారుకి ట్రిప్పు వేస్తున్నావా?"

"బెల్టుతో తిరిగేది బాగుంటుందట," అంది మీరిమ్. "కానీ దాని ధర చూస్తే మీ అమ్మ నన్ను పుట్టింటికి పంపించేస్తుంది."

"పంపను," అంది అత్తగారు గోడ పక్క నుంచి. "నిన్నెందుకు పంపుతాను? వాడినే పంపుతాను."

రెండింటికీ మధ్యలో ఒకటుంది. లోపల పళ్ల చక్రాలు. తిప్పుతుంటే బరువుగా ఆనుతుంది, తెర మీద టైరు గుంతలో పడితే చేతిలో గుంత తెలుస్తుంది. ఈ చివర నుంచి ఆ చివరికి అసలు బండిలోలాగే రెండు చుట్లకి పైగా తిరుగుతుంది. ముగ్గురూ వాదించుకున్నారు. నిర్ణయం మర్నాటికి వాయిదా పడింది.

దొర్దోయ్ బజారులో ఇనప కంటైనర్ల వరసల మధ్య చలి ఈలలు వేస్తోంది. దుకాణదారు జెనిష్ గొర్రెతోలు టోపీ కింద నుంచి ముక్కు మాత్రం బయటపెట్టి కూర్చున్నాడు. మీరిమ్ మొదట అడిగింది డబ్బా మీద తమ కన్సోల్ గుర్తు ఉందా అని. ఒకదానికి చేసింది ఇంకొకదానికి పలకదని రాత్రంతా చదివి తెలుసుకుంది మరి.

"చదువుకున్న పెళ్లాం దొరికిందయ్యా నీకు!" అన్నాడు జెనిష్. "మొన్న ఒకాయన గుర్తు చూడకుండా పట్టుకుపోయాడు. ఇప్పుడది గోడకి తగిలించుకున్నాడట, అలంకారానికి."

అతను రెండూ బల్ల మీద పెట్టాడు. తాలాయ్ స్ప్రింగుది ఒకసారి తిప్పి వదిలేశాడు. పళ్ల చక్రాల దాని మీద చేతులు వేశాడు. అంతే, తీయలేదు. అరచేతులు దాని తోలు తొడుగు మీద అటూ ఇటూ నడిచాయి. భుజాలు కిందికి దిగాయి. చాలా రోజుల తరువాత ఇంటికి వచ్చినవాడు కుర్చీలో కూర్చున్నట్టు ఉంది అతని ముఖం.

"అన్నయ్యా, తేలికది తీసుకో," అంది బెగాయిమ్ మెల్లగా. "నువ్వు గెలిచింది వేళ్లతో."

తాలాయ్ మీరిమ్ వంక చూశాడు. అడగలేదు, చూశాడంతే. ఆ ముఖం చూశాక తేలికది కొనడం మీరిమ్ వల్ల కాలేదు.

"బరువుదే ఇవ్వండి బైకే," అంది జెనిష్‌తో, అన్నా అని పిలిచినట్టే. "నా మొగుడు డ్రైవరు."

ఇంట్లో దాన్ని ఎక్కడ బిగించాలన్నది పెద్ద సమస్య అయింది. భోజనాల బల్ల స్టీరింగుతో పాటు తానూ తిరిగింది. చివరికి అత్తగారి కుట్టుమిషను బల్లే గతి అయింది. కింద ఇనప కాళ్లు, కదలదు. తివాచీ మీద పెడల్స్ జారిపోతుంటే మీరిమ్ వాటి వెనక పిండి బస్తా ఆనించింది. బ్రేకు తొక్కినప్పుడల్లా బస్తాలోంచి తెల్లగా పొగ లేచేది. అత్తగారు దిష్టి తగలకుండా అర్చా చెట్టు కొమ్మ కాల్చి ఆ పొగ స్టీరింగు చుట్టూ తిప్పింది, కొత్త కారుకి తిప్పినట్టే. "రోడ్డు తెల్లగా ఉండాలి నాయనా," అని ప్రయాణానికి దీవించినట్టు దీవించింది. మీరిమ్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మొదటి రోజు తాలాయ్ జాయ్‌స్టిక్‌తో చేసిన దానికంటే చాలా వెనకబడ్డాడు. అలవాటు కాలేదనుకున్నారు. రెండో రోజూ అంతే. బరువు తగ్గించారు, చుట్లు తగ్గించారు, సీటు జరిపారు. బండి ఎంతో ముద్దుగా వెళ్లేది. ఎక్కడా రోడ్డు దిగేది కాదు, గోడకి రాసుకునేది కాదు. కానీ మలుపు ఇంకా కనుచూపు మేరలో ఉండగానే అతని కాలు బ్రేకు మీద వాలేది.

"గట్టిగా తొక్కు అన్నయ్యా!" అని బెగాయిమ్ అరిచేది.

"తొక్కుతూనే ఉన్నా."

"చీకట్లో దారి వెతుక్కుంటున్నట్టు తడుముతున్నావు!"

శనివారం సాయంత్రానికీ అదే వరస. మొగుణ్ణి నవ్వించాలని మీరిమ్ ఒక వేషం వేసింది. అత్తగారి శాలువా తలకి చుట్టుకుని, చేతిలో సంచీ పట్టుకుని, అతని సీటు వెనక వచ్చి నిలబడింది.

"జరగండమ్మా, జరగండి, ముందుకి చోటుంది!" అంది ముసలి గొంతుతో. "బైకే, ఓష్ బజారు దగ్గర ఆపు నాయనా. ఇదిగో, ఒకరికి."

చిల్లర అతని భుజం మీదుగా చాచింది. తాలాయ్ వెనక్కి చూడలేదు. కుడి చెయ్యి దానంతటదే స్టీరింగు వదిలి, భుజం మీదికి వచ్చి, అరచెయ్యి తెరుచుకుంది. నాణేలు తీసుకుని, బొటనవేలితో లెక్క చూసుకుని, మిగతావి వెనక్కి అందించింది. ఎడమ చెయ్యి ఒక్కటే బండిని మలుపు తిప్పింది. ఎంత అందంగా తిప్పిందో!

మీరిమ్ పడీ పడీ నవ్వింది. తాలాయ్ కూడా నవ్వాడు, ఎన్నాళ్లకో.

"చూశావా, చిల్లర సరిగ్గా ఇచ్చాను."

"ఇచ్చావు బైకే, దేవుడు నిన్ను చల్లగా చూడాలి!"

ఆమె ఇంకా నవ్వుతూనే అక్కడే నిలబడింది. తెర మీద రోడ్డు సాగుతోంది. అప్పుడు చూసింది. తిన్నటి రోడ్డు రాగానే కుడి చెయ్యి మళ్లీ స్టీరింగు వదిలింది. ఈసారి వెనక నుంచి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. చెయ్యి భుజం మీద తెరుచుకుని కాసేపు ఆగి, మళ్లీ స్టీరింగు మీదికి వెళ్లింది. ఇంకో మలుపు దగ్గర అతని కన్ను తెర వదిలి పైకి, గోడ మీద ఏమీ లేని చోటికి ఎగిరింది. వ్యానులో అయితే అక్కడ అద్దం ఉంటుంది.

మీరిమ్ నవ్వు ఆగిపోయింది.

"ఎవరిని చూస్తున్నావు?"

"ఎప్పుడు?"

"ఇప్పుడే. పైకి."

తాలాయ్ బండి ఆపేశాడు. ఆటలో ఎవరూ అలా ఆపరు. పక్కకి తీసి, మెల్లగా, ఎవరూ తూలకుండా ఆపాడు.

"నిలబడ్డవాళ్లని," అన్నాడు. "జాయ్‌స్టిక్‌తో ఆడుతుంటే అది ఆట మీరిమ్. దీన్ని పట్టుకుంటే వెనక మనుషులున్నట్టే ఉంటుంది. ముసలమ్మలుంటారు. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లుంటారు. మలుపులో అంత వేగంగా ఎలా తిప్పను?"

"ఎవరూ లేరు కదా."

"తెలుసు. నా కాలికి తెలియడం లేదు."

"బజారుకి పరిగెత్తుదాం. ఆ తేలికది తెచ్చేద్దాం."

"నాకు దీన్ని పట్టుకోవాలనిపించింది," అన్నాడు తాలాయ్, ఆమె మాట విననట్టే. "నువ్వు కాదన్నా ఇదే కొనేవాణ్ణేమో. పైగా ఇప్పుడు బజారు కట్టేసి ఉంటుంది."

నిజమే, బయట చీకటి పడుతోంది. ఆ ముఖాన్ని చూసి "బరువుదే ఇవ్వండి" అన్నది తానేనని మీరిమ్ మరిచిపోలేదు.

ఆదివారం పందెం మధ్యాహ్నం జరిగింది. బెగాయిమ్ ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి చేతులు కనబడేలా పెట్టింది. అత్తగారు తలుపు దగ్గర నిలబడి పెదాలు కదుపుతూ ఉంది. తాలాయ్ కుడి చేతిని స్టీరింగుకి కట్టేస్తానంది మీరిమ్, సగం వేళాకోళంగా. అతను వద్దనలేదు. జేబురుమాలుతో కట్టింది కూడా. రెండో చుట్టుకల్లా ముడి ఊడి చెయ్యి భుజం మీదికి వచ్చేసింది.

మిగతా ఆటగాళ్ల గొంతులు టీవీలోంచి వినబడుతున్నాయి. అంతా కుర్రాళ్లే.

"ఒరేయ్, ఆ బైకే చెయ్యి చూడండ్రా! టిక్కెట్టు డబ్బులు అడుగుతున్నాడు!"

"బైకే, ఓష్ బజారు వెళ్తుందా?"

"నిలబడటానికైనా చోటుందా బైకే?"

"స్టాప్‌లో ఆపండి, నేను దిగిపోతా!"

తాలాయ్ పందెం వదిలెయ్యలేదు. చివరిదాకా నడిపాడు. అందరూ వెళ్లిపోయాక ఖాళీ రోడ్డు మీద అతని బండి ఒక్కటే, ఎవరినో జాగ్రత్తగా ఇంటికి దింపుతున్నట్టు, గీత దాటింది.

కాసేపటికి హాలు యజమాని ఫోన్ చేశాడు. మర్యాద గల మనిషే.

"బైకే, మా అమ్మని ఎక్కించాలంటే మీ బండే ఎక్కిస్తాను. అమ్మ మీద ఒట్టు. కానీ మాకు కావాల్సింది పందెం కదా."

"అవును," అన్నాడు తాలాయ్. "మీరన్నది సబబే."

బెగాయిమ్ గదిలోకి వెళ్లి చెవిపోగులు తీసి గుప్పిట్లో పెట్టుకుని వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తీసుకో వదినా. నేను తెచ్చింది మంచి కబురు కాదు."

"సుయున్చు వెనక్కి తీసుకుంటారా ఎవరైనా? పెట్టుకో. ఆ రోజుకి అది మంచి కబురే."

"మరి ఈ రోజుకో?"

 మీరిమ్ ఆడపడుచు చెవికి పోగు తానే పెట్టింది. 

తాలాయ్ స్టీరింగు మరలు విప్పుతున్నాడు. అమ్మకి కుట్టుమిషను కావాలి, పక్కింటివాళ్ల దుప్పట్లు సగంలో ఆగిపోయి ఉన్నాయి. విప్పిన దాన్ని డబ్బాలో పెట్టి, డబ్బా మూసే ముందు అరచెయ్యి ఒకసారి దాని మీద ఆనించాడు. పెడల్స్ వెనక బస్తాని మీరిమ్ వంటింట్లోకి ఈడ్చుకెళ్లింది. తివాచీ మీద తెల్లటి గీత పడింది. ఇంకో రోజైతే దాన్ని చూసి నవ్వుకునేది.

"దాన్ని అమ్మేద్దామా?" అని అడిగింది తిరిగి వచ్చి.

"ఎవరైనా కుర్రాడికి ఇద్దాం. ఎప్పుడూ ఎవరినీ ఎక్కించుకోని వాడికి."

గుమ్మం దగ్గర కూర్చుని అతను తన బూట్లని కాసేపు చూశాడు.

"ఇవి నీళ్లకి ఆగవు. నాన్న రబ్బరు బూట్లు అటక మీద ఉండాలి, దించిపెట్టు," అన్నాడు. "రేపు చీకటితోనే లేపు నన్ను. మొదటి ట్రిప్పు వ్యాన్లు బయల్దేరేలోపే అన్నీ కడిగి ఉంచాలట."