నీళ్ళ బరువు

తూకాలమ్మ ఇరవై ఏళ్ళు గంజాయి తూచింది గానీ, గంజాయి మొక్కను ఒక్కసారి కూడా చూడలేదు. నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు. అక్క మొగుడి నేలమాళిగలో ఆమె చేతికి వచ్చేది ఇటుకలా నొక్కిన ఎండు సరుకే. అందుకే గంజాయి అమ్మకానికి చట్టం ఒప్పుకున్నాక, లైసెన్సు తోటలో పనికి చేరిన రోజు, ఆ పొడవాటి హాలు తలుపు తీయగానే ఆమె గడపలోనే నిలబడిపోయింది. నడినెత్తిన ఎండలాంటి దీపాలు, కింద వందల మొక్కలు, ప్రతి మొక్క మెడలో నంబరు చీటీ, పువ్వుల మీద తళతళలాడే జిగురు. 'ఇన్నాళ్ళూ దొంగచాటుగా అమ్మింది దీన్నా' అనుకుంది. కళ్ళు చెమర్చాయి.

నెల రోజులు పనితనం చూస్తామన్నారు. నిలదొక్కుకుంటే ఉద్యోగం. లేదంటే మళ్ళీ బావ నేలమాళిగ, పోలీసు బూట్ల చప్పుడు వినపడితే ఊపిరి బిగబట్టే బతుకు.

బావ మాత్రం వ్యాపారం మానలేదు. "పన్నులూ పరీక్షలూ కలిపి మీ షాపులో ధర రెండింతలు. నా దగ్గర సగానికే. జనం పిచ్చివాళ్ళా మరదలా? నాలుగు నెలల్లో మీ దీపాలు ఆరిపోతాయి చూడు" అని ఎకసెక్కమాడాడు. ఆ మాట అబద్ధమూ కాదు. తోట షాపులో పొద్దస్తమానం ఈగలు తోలుకుంటున్నారు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మరి ఇరవై ఏళ్ళ చేతి అలవాటు రెండు వారాల్లో పోతుందా? ఎండిన పువ్వుల ట్రేలు నాలుగు ముందుకు రాగానే తూకాలమ్మ గ్లాసులో వేళ్ళు ముంచి, చకచకా నీళ్ళు చిలకరించేసింది. బరువు పెరిగితే యజమానికి మేలే కదా అనుకుంది.

తేమ కొలిచే యంత్రం ఎర్రదీపం వెలిగించింది. తోట ఇంజనీరు మేడమ్ వచ్చి చూసింది. తడిసిన పువ్వు బూజు పడుతుంది, నాలుగు ట్రేలూ పారబోయాల్సిందే.

"నేనే మేడమ్. తూకానికి ముందు తడపడం మాకు అలవాటు." ఉద్యోగం పోయిందనే అనుకుంది తూకాలమ్మ.

మేడమ్ తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎంత తడుపుతారు?"

"ఎప్పుడూ లెక్క చూడలేదండీ."

"అయితే చూద్దాం. బయట అమ్మే పొట్లం ఒకటి తెండి."

మర్నాడు బావ అమ్మిన నూరు గ్రాముల పొట్లాన్ని వేడి పెట్టెలో ఆరబెట్టారు. కాడలు, ఇసుక ఏరి పక్కన పెట్టారు. మిగిలింది తూస్తే యాభై మూడు. తూకాలమ్మ ఆ అంకెను రెప్ప వేయకుండా చూసింది. సగం ధరకు సగం సరుకు. ఇన్నేళ్ళ బావ చవకబేరం రహస్యమంతా ఆమె వేళ్ళ చివర్లలోనే ఉంది.

"ఇదే పని షాపులో అందరి ముందూ చేస్తారా? ఇన్నేళ్ళూ ఆ నీళ్ళు చల్లింది మీరేనని చెప్పాల్సి వస్తుంది" అంది మేడమ్.

తూకాలమ్మ సరేనని తల ఊపింది.

షాపు ముందు బల్ల వేశారు. జనం మూగారు. ఎండిన సరుకు బరువు చూపించి, "ఇరవై ఏళ్ళు ఇలా నీళ్ళు చల్లిన చెయ్యి ఇదేనండీ" అని ఆమె చెయ్యి చాపింది. కొందరు నవ్వారు. ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరు మాత్రం నవ్వలేదు.

"మా ఆవిడ నొప్పికి మీ బావ దగ్గరే కొనేవాణ్ణమ్మా. డాక్టరు చెప్పినంతే తూచి ఇచ్చేవాణ్ణి. అయినా చాలేది కాదు. జబ్బు ముదిరిందనుకున్నాం. అరుస్తూనే పోయింది."

తూకాలమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈసారి కళ్ళు చెమర్చడంతో ఆగలేదు.

ఆయన త్రాసు మీది అంకెను మళ్ళీ చూశాడు. తర్వాత, "మా తమ్ముడికీ అదే నొప్పి. పది గ్రాములివ్వు" అన్నాడు.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. తడి లేదని చూసుకుని, మళ్ళీ తుడుచుకుని, అప్పుడు తూచింది.