పొద్దుటి హెచ్చరిక

దాలయ్య ఆడిన అబద్ధానికి ఏడాది నిండింది. ఇన్నాళ్లూ దానికి ఏ ఢోకా లేదు. రేడియోలో మాట గాలిలో వచ్చి గాలిలోనే పోతుంది, ఎవడు పట్టుకొచ్చి చూపిస్తాడు? కిందటి కార్తీకంలో అన్న సన్యాసయ్య నావ తిరిగి రానప్పుడు, "రేడియోల ఏటీ సెప్పనేదు వదినా" అనేశాడు. ఊరి జాలర్లందరి తరఫునా వాతావరణ వార్తలు వినే పని అతనిదే కాబట్టి అందరూ నమ్మారు. వదిన ఎర్రమ్మ ఆనాటి నుంచి ఇంట్లో రేడియో మోగనివ్వలేదు.

ఆమె కూతురు గౌతమి పలాసలో కాలేజీలో చదువుతోంది. ఆ ఆదివారం ఇంటికొచ్చి కబుర్లలో కబురుగా చెప్పింది.

"ఆకాశవాణి వార్తలు ఇపుడు నెట్‌లో రాసి పెడతన్నారమ్మా. ముందు ఢిల్లీ వార్తలే ఉండీవి. ఇపుడు మన తెలుగువీ పెట్టీసినారు, పాటలూ పెడతన్నారు. తేదీ కొడితే పాతవి కూడా వొచ్చేత్తాయి."

చేపలు తోముతున్న ఎర్రమ్మ చెయ్యి ఆగింది. "మీ నాన్న ఎల్లిన దినానివి కూడా ఉంటాయేటి?"

"ఉంటాయి."

"అయితే సూపించు. ఆయన్ని ముంచీసిన రేడియోని కళ్లారా సూత్తాను. మరిదీ, నువ్వూ రా."

గడపలో కూర్చుని వింటున్న దాలయ్య ఇరుకున పడ్డాడు. రానంటే అనుమానం, వెళితే అవమానం. మర్నాడు జీడితోటల మధ్య పలాస బస్సు పోతున్నంతసేపూ మూడుసార్లు నోరు తెరిచాడు. మూడుసార్లూ టిక్కెట్ల సంగతే మాట్లాడాడు.

అన్న వేటకు వెళ్లిన ఆ పొద్దున అతను రేడియోలో హెచ్చరిక విన్నాడు. విన్నవాడు విన్నట్టే ట్రాన్సిస్టరు చంకలో పెట్టుకుని ఒడ్డుకు పరిగెత్తాడు. అప్పటికే సన్యాసయ్య గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి నావలో కాలు పెట్టేశాడు. నావలో కాలు పెట్టినవాణ్ణి వెనక్కి పిలవకూడదు. పిలిస్తే కీడు అక్కడికక్కడే తగులుకుంటుందని వాళ్ల తాతల నాటి పట్టింపు. అన్న చెయ్యి ఊపాడు. దాలయ్యా ఊపాడు. పిలవకపోతే కీడు రాదనుకున్నాడు, వెర్రివాడు.

పలాస నెట్ సెంటరులోకి జీడిపప్పు కాల్చే వాసన వస్తోంది. గౌతమి తేదీ కొట్టింది. పేజీ ఒక్కో వరసే దిగింది, దాలయ్య ప్రాణాలు తోడడానికన్నట్టు. ఆ పిల్ల చదవసాగింది.

"ప్రాంతీయ వార్తలు. ఉదయం ఆరూ నలభై అయిదు. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడింది. శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు ఇరవై నాలుగు గంటల పాటు వేటకు వెళ్లరాదు."

చదివి చిన్నాన్న మొహంలోకి చూసింది. ఎర్రమ్మ మాత్రం తెర వైపే చూస్తోంది.

"మల్లీ సదువు."

గౌతమి మళ్లీ చదివింది. ఇక దాలయ్య వల్ల కాలేదు.

"ఇన్నాను వదినా. ఒడ్డుకీ వొచ్చినాను. అప్పుటికే అన్న నావల కాలెట్టీసినాడు. ఎనక్కి పిలవకూడదని ఊరుకున్నాను. తరవాత నీకు సెప్పడానికి నోరు రానేదు."

ఎర్రమ్మ అరుస్తుందనుకున్నాడు. జుట్టు పట్టుకుని నలుగురిలో ఈడ్చినా పడి ఉండేవాడు, అదే నయం అనిపించేది. ఆమె అరవలేదు. ఏడాదిగా రేడియోని తిట్టిన తిట్లన్నీ ఎవరికి చేరాలో అప్పుడే తెలిసినట్టు, అతని వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"పిలిత్తే ఏటి సేసీవోడు?"

"తిట్టీవోడు. అన్న కోపం నీకెరికే గదా."

"దిగీవోడా, కాదా? అది సెప్పు."

దాలయ్య ఏడాదిగా ఈ ఒక్క ప్రశ్నా తనను తాను అడక్కుండా తప్పించుకు తిరిగాడు. ఇప్పుడు ఏడుపు ముంచుకొచ్చింది.

"దిగీవోడు వదినా. నన్ను కొట్టడానికైనా దిగీవోడు."