దయ పీట కింద నక్క

నేను ఒక నక్కను. కంగారు పడకండి, చెక్క నక్కను. ఫ్రాన్సు దేశంలో ఒక పాత మఠం గుడిలో, సన్యాసులు వరసగా కూర్చునే మడత పీటల్లో ఏడోదాని అడుగున నన్ను చెక్కారు. ఒంటి మీద సన్యాసి అంగీ, చేతిలో జపమాల. ఎదురుగా నోళ్లు తెరుచుకుని నా ప్రవచనం వింటున్న నాలుగు బాతులు. ఐదో బాతు మెడ మాత్రం నా అంగీ టోపీలోంచి వేలాడుతూ ఉంటుంది. నక్క వినయం అని మీరంటారు చూడండి, ఆ మాటకు బొమ్మ గీయమంటే నన్నే గీయాలి.

ముందు ఆ పీట సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. సన్యాసులు రోజుకు ఏడు సార్లు నిలబడి ప్రార్థన చేయాలి. ముసలి కాళ్లు అంతసేపు నిలుస్తాయా? అందుకని పీట పైకి మడిస్తే దాని అడుగున చిన్న చెక్క అంచు ఒకటి బయటికి వస్తుంది. దాని మీద పిరుదులు ఆనించి, నిలబడినట్టు నటించవచ్చు. దేవుణ్ణి మోసం చేసే ఆ ఏర్పాటుకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘దయ’. ఆ దయ కింద నేనున్నాను. పీట పైకెత్తితే కనిపిస్తాను, దించితే నేలకేసి చూస్తూ ఉంటాను. ఆరు వందల ఏళ్లలో నేను చూసినన్ని గచ్చు బండలు ఇంకెవరూ చూసి ఉండరు.

నన్ను చెక్కినవాడు తిబో. మంచి పనివాడే, కానీ పిరికివాడు. బాతు మెడ వంపు ఎంతకీ కుదరక, ఊళ్లో బాతులు పెంచే ఓడలీన్ అనే వితంతువును బతిమాలి, ఆమె బాతునొకదాన్ని గుడికి తెప్పించుకున్నాడు. ఓడలీన్ దాన్ని చంకలో ఇరికించుకుని రోజంతా నిలబడింది. పని పూర్తయ్యాక నన్ను చూసి పకపకా నవ్వింది.

“ఓరి నీ అమ్మ కడుపు మాడ! అచ్చం మన గిల్బెర్ బావేనయ్యా!” అంది.

ఎవరీ గిల్బెర్ అంటారా? ఎవరూ కాదు, నక్కే. మీరు పామును పురుగనరూ? మశూచిని అమ్మవారనలేదూ? ఆ ఊరివాళ్లదీ అదే తంతు. బాతులు పొదిగే రోజుల నుంచి పిల్లలకు ఈకలు వచ్చేదాకా ‘నక్క’ అన్న మాట ఎవరూ పలకకూడదు. పలికితే అది విని వస్తుందని, అన్నవాళ్ల మందే కాదు, ఊరందరి మందా ఊడ్చుకుపోతుందని భయం. అందుకని దానికి మనిషి పేరు పెట్టుకున్నారు. ముద్దొస్తే గిల్బెర్ బావ, కోపం వస్తే ఒట్టి గిల్బెర్. తాతల నాటి నుంచి అంతే.

నన్ను చెక్కిన రెండేళ్లకు మఠానికి ఉత్తరాది నుంచి కొత్త స్వామి వచ్చాడు. ఊళ్లో బాతుల పెంపకం మీద పెత్తనం ఆయనదే. పేరు గిల్బెర్. విధి అంటే ఇలాగే ఉంటుంది, దానికి వేళాకోళం ఎక్కువ.

ఊరివాళ్లు మొదట ముసిముసిగా నవ్వుకున్నారు. తర్వాత ఆ నవ్వు మామూలైపోయి, మానేశారు. ఆ స్వామికి మాత్రం మనసులో గాయం మానలేదు. తన వెనక ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు ఎవరూ చెప్పలేదు. పైగా ఆయన చెడ్డవాడేమీ కాదు, తిండిపోతు అంతే.

ఆ ఏడు వసంతంలో నక్క ఓడలీన్ మందలో పదకొండు బాతుల్ని ఎత్తుకుపోయింది. ఆమెకు వేరే బతుకుతెరువు లేదు. చచ్చిన బాతుపిల్లలో విషపు వేరు నూరి కూరి, కంచె కన్నం దగ్గర పెట్టింది. తర్వాత గుడ్లు ఇవ్వడానికి మఠం వంటశాలకు వెళ్లి, కడుపుమంటతో అక్కడున్న ఆడవాళ్లతో, “గిల్బెర్‌కి పెట్టేశాను, ఇంక ఆదివారం మొహం చూడడు వాడు” అంది.

శనివారం గిల్బెర్ స్వామి చచ్చిపోయాడు.

ఆయన వారం నిలవున్న చేపలు తిన్నాడని నా పీట పక్కనే ఇద్దరు సన్యాసులు గుసగుసలాడుకున్నారు. కానీ ఆ చేపలు వండినవాడు గోతియె. స్వామితో పాటే ఉత్తరాది నుంచి వచ్చిన వంటవాడు, ఊరి అలవాట్లేవీ తెలియనివాడు. తన మెడకు చుట్టుకుంటుందేమోనని వాడు పరిగెత్తుకెళ్లి, వంటశాలలో ఓడలీన్ అన్న మాట మఠం పెద్దలకు చెప్పేశాడు.

చనిపోయింది మఠం మనిషి కాబట్టి విచారణ గుడిలోనే పెట్టారు. పట్నం నుంచి న్యాయాధికారి వచ్చాడు. వచ్చి, వరసలో ఇన్ని పీటలుండగా ఏడోది దించుకుని కూర్చున్నాడు. అదృష్టవంతుణ్ణి నక్క తోక తొక్కాడంటారు మీరు. ఈ మహానుభావుడు నక్క మీదే కూర్చున్నాడు. ఓడలీన్‌ను కాపాడే సాక్ష్యం మొత్తం ఆయన పిర్రల కింద ఉంది.

“ఆ మాట అన్నావా?” అని అడిగాడు.

“అన్నాను దొరా. కానీ ఆ గిల్బెర్‌ను కాదు. మా గిల్బెర్‌ను.”

ఆయన ఊరి ఆడవాళ్ల వైపు తిరిగాడు. “మీ ఊళ్లో ఇంకో గిల్బెర్ ఉన్నాడా?”

“ఉన్నాడు దొరా.”

“ఇల్లెక్కడ?”

“ఇల్లేముంది దొరా వాడికి. వస్తాడు, పోతాడు.”

“పని?”

“దొంగతనం.”

“అయితే పిలిపించండి వాణ్ణి.”

ఆడవాళ్లందరూ ఒక్కసారిగా గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నారు. ఒక ముసలమ్మ, “పిలిస్తే వస్తాడు దొరా. మా భయమే అది” అంది.

న్యాయాధికారి మొహం ఎర్రబడింది. తనతో పరిహాసాలాడుతున్నారనుకున్నాడు. నేను గచ్చుకేసి చూస్తూ లోలోపల అరుస్తున్నాను. చెప్పండే, ఒక్క మాట చెప్పండే! ఎవరూ చెప్పలేదు. బయట ఊరంతా బాతుపిల్లలు అప్పుడే గుడ్లు పగలగొట్టుకుని వస్తున్నాయి. ఇంటింటా పిల్లల తిండి ఆ మందల మీదే ఉంది. ఓడలీన్ కూడా చెప్పలేదు. ఇరుగుపొరుగు మందలు తన నోటి వల్ల పోకూడదనుకుంది పిచ్చిది. ఆ మాట అనకుండా చూపించే దారి ఒకటి వెతుక్కుంది.

“దొరా, తమరు కూర్చున్న పీట ఒక్కసారి ఎత్తండి. మా గిల్బెర్ అక్కడున్నాడు.”

ఆయన లేచాడు. పీట పైకి లేచింది. నేను వెలుతురు చూశాను. ఎదురుగా ఓడలీన్ మొహం. నన్ను చూసి ఆమె ఊపిరి పీల్చుకుంది, చుట్టాన్ని చూసినట్టు.

న్యాయాధికారి నన్ను చూశాడు. నా అంగీ చూశాడు, జపమాల చూశాడు, టోపీలో బాతును చూశాడు. “అంటే... గిల్బెర్ స్వామిని మీరు నక్కను చేశారన్నమాట” అన్నాడు.

గుడిలో ఉన్న ఊరివాళ్లందరూ చెవులు మూసుకున్నారు. ఓడలీన్ మాత్రం ఏడుస్తూ నవ్వింది. ఆ మాట పరాయివాడి నోట వచ్చింది, ఇంక ఎవరికీ దోషం లేదు. “అదే దొరా! అదే! గిల్బెర్ అంటే అదే!” అని అరిచింది.

“రాసుకో” అన్నాడు ఆయన పక్కనున్న లేఖకుడితో. “స్వామి మీద పగ ఉన్నట్టు ఒప్పుకుంది.”

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తిబో వైపు తిరిగింది. “తిబో, చెప్పవయ్యా! ఆ స్వామి రాకముందే కదా నువ్వు దీన్ని చెక్కింది! నా బాతునే కదా చూసి చెక్కావు!”

న్యాయాధికారి తిబోను ముందుకు రమ్మన్నాడు. సన్యాసి అంగీ నక్కకు తొడిగినందుకు ఆయన తన చెయ్యి నరికించగలడు, అది తిబోకు తెలుసు. తన కుడిచేతిని అంగరఖాలో దాచుకుని, “ఇది నా పని కాదు దొరా. ఎవరు చెక్కారో నాకు తెలీదు” అన్నాడు. పీట అంచు మీద వాడి గుర్తు, చిన్న సుత్తి బొమ్మ, అందరికీ కనబడుతూనే ఉంది. అదెవరి గుర్తో న్యాయాధికారి అడగలేదు, ఊరివాళ్లు చెప్పలేదు.

అప్పుడు ఓడలీన్ గొంతు చించుకుంది. “నక్క! నేను పెట్టింది నక్కకు! నక్కకు దొరా, నక్కకు!”

అప్పటికి ఆ మాటకు అర్థం మారిపోయింది. చచ్చిన స్వామిని నిండు గుడిలో ఇంకా తిడుతోందని సన్యాసులు తలలు దించుకున్నారు. నా పీట మళ్లీ కిందికి దిగింది. తీర్పు నేను చీకట్లో విన్నాను. మూడో రోజు ఆమెను ఉరి తీశారు.

ఐదో రోజు చాకిరేవు దగ్గర ముళ్లపొదలో నక్క శవం దొరికింది. సగం తిన్న బాతుపిల్ల పక్కనే ఉంది. దాన్ని తోక పట్టుకుని గుడి మెట్ల దాకా ఈడ్చుకొచ్చారు. గిల్బెర్ చచ్చాడని మాత్రం ఎవరూ అనలేదు. ఆ ఏటి నుంచి ఆ ఊరి ఆడవాళ్లు బాతుల్ని దొడ్లోకి తోలి తలుపు వేసేటప్పుడు ‘నక్క, నక్క, నక్క’ అని మూడుసార్లు గట్టిగా అరిచేవాళ్లు. మందలేమీ పోలేదు. రెండు తరాల తర్వాత ఎందుకు అరుస్తున్నారో కూడా మరిచిపోయి అరిచారు. మనుషుల పశ్చాత్తాపం కూడా చివరికి అలవాటే అవుతుంది.

తిబో ఒకనాటి మధ్యాహ్నం ఒంటరిగా వచ్చి పీట ఎత్తాడు. చాలాసేపు నన్ను చూశాడు. ఉలి తీసి తన సుత్తి గుర్తును ఆనవాలు లేకుండా చెక్కి తీసేశాడు. తర్వాత అదే ఉలి నా మొహం మీద పెట్టి ఒక్క దెబ్బ కొట్టాడు. ముక్కు ఎగిరిపోయింది. రెండో దెబ్బ కొట్టలేక కూలబడి ఏడ్చాడు. నాకు వాడి మీద జాలి కలగలేదు, ఇప్పటికీ కలగదు.

మఠం పోయింది, సన్యాసులు పోయారు. నేనిప్పుడు ఒక మ్యూజియంలో అద్దం వెనక ఉన్నాను, పీట శాశ్వతంగా పైకెత్తి. కింద అట్టముక్క మీద ‘దయ పీట, ఓక్ చెక్క, ముక్కు విరిగిన కారణం తెలియదు’ అని రాశారు.

మొన్న ఒక తెలుగావిడ కూతురితో వచ్చింది. “చూడవే, నక్క బావ సన్నాసి వేషం కట్టి బాతులకు పురాణం చెబుతున్నాడు!” అని నవ్వింది. ఆరు వందల ఏళ్ల తర్వాత మళ్లీ ఒకరు నన్ను బావ అన్నారు. అందుకే ఈ కథ మీ భాషలో చెబుతున్నాను. ఆ నవ్వు అచ్చం ఓడలీన్ నవ్వులాగే ఉంది. నాకు భయమేసింది.

అమ్మా, నన్ను బావ అనకు. నక్క అను. నోరారా, పదిమందికీ వినబడేలా అను.